కరివేపాకు ఉద్యోగం

పోయిన వారం మా అపార్ట్‌మెంటులో ఎవరో పచ్చి పనసకాయ కొట్టారు. లిఫ్టు పనిచేయక మెట్లెక్కి వస్తుంటే రెండో అంతస్తు దగ్గర వాసన తగిలింది. పనసపండు వాసన అందరికీ తెలుసు, పచ్చికాయది వేరు. పాలు కారే లేత బెరడు వాసన, దానితో కలిసి చేతులకు రాసుకున్న నువ్వుల నూనె వాసన. నేను ఇంట్లోకి వచ్చి చెప్పులు విప్పేసరికి ఆవ నూరిన ఘాటు కూడా కిటికీలోంచి వచ్చింది. ఎవరో గానీ పద్ధతిగా వండుతున్నారు అనుకుని అక్కకు ఫోను చేశాను.

"పొట్టు కొనుక్కొచ్చారా, ఇంట్లోనే కొట్టారా?" అని అడిగింది.

కత్తి చప్పుడు వినిపించింది, ఇంట్లోనే అన్నాను.

"అయితే మంచివాళ్ళే" అని తేల్చేసింది. ఆ తరువాత మా మాటలు పనసకాయ మీద నుంచి మామ్మ మీదికి, మామ్మ మీద నుంచి పూర్ణా మార్కెట్టుకు వెళ్ళిపోయాయి. ఫోను పెట్టేసరికి పొయ్యి మీద నేను పెట్టుకున్న టీ గిన్నె గురించి మా ఆవిడ చెప్పాల్సినవన్నీ చెప్పింది.

* * *

మేము విశాఖపట్నంలో, అల్లిపురంలో ఉండేవాళ్ళం. నాన్నకు పోర్టులో షిఫ్టు ఉద్యోగం. అమ్మ బడిలో టీచరు. వంటిల్లు మామ్మది. అయితే మామ్మకు కళ్ళలో శుక్లాలు వచ్చి చూపు బాగా మందగించింది. మనిషి వస్తే నీడలాగా తెలిసేది, అంతే. ఆపరేషన్ అంటే భయం. "ఇన్నేళ్ళు చూసింది చాలదా" అనేది. కానీ వంట వదిలిపెట్టమంటే మాత్రం ఊరుకునేది కాదు. అందుకని ఆవిడ చేతులు చేసే పనికి కళ్ళుగా మా ముగ్గురినీ పెట్టుకుంది: అక్క, నేను, తమ్ముడు.

పిల్లలకు పని నేర్పాలన్న ఆలోచన అందులో ఎవరికీ లేదు. ఆవిడకు మేము నిజంగానే కావాలి. మెంతులు ఎర్రబడ్డాయో లేదో ఒకరు చెప్పాలి. బియ్యంలో రాయి ఒకరు చూడాలి. ఆవాలు చిటపటమనడం ఆవిడకు వినిపిస్తుంది, శనగపప్పు రంగు తిరగడం వినిపించదు. "ఏ రంగులో ఉందిరా?" అని అడిగేది. ఎరుపు అంటే ఒప్పుకునేది కాదు. "ఏ ఎరుపు? ఇటుక ఎరుపా, కుంకుమ ఎరుపా, మీ నాన్న సైకిలు తుప్పు ఎరుపా?" పోపు విషయంలో సైకిలు తుప్పు దాకా వెళ్ళకూడదు. మెంతులకు మాత్రం ఇటుక ఎరుపు రావాలి. ఈ రంగుల పట్టిక మాకు బడిలో రంగుల పేర్లు నేర్పకముందే వచ్చేసింది.

కొలతలు కూడా అంతే. బడిలో కిలోలు, లీటర్లు. వంటింట్లో నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కూరలకు వీశె. అంటే కిలోన్నరకు కాస్త తక్కువ. దేశమంతా మెట్రిక్ తూకాలకు మారి అప్పటికి చాలా కాలమైంది గానీ మామ్మ మారలేదు. నాన్న బజారు నుంచి వచ్చి "రెండు కిలోల ఉల్లిపాయలు" అంటే ఆవిడ ఒక్క క్షణం ఆగి లోపల లెక్క వేసుకునేది. ఆ ఒక్క క్షణం ఆగకుండా మేమే వీశెల్లో చెప్పేస్తే ఆవిడకు ఎంత సంతోషమో.

* * *

ఆదివారం పొద్దున్నే పూర్ణా మార్కెట్టు. నాన్నకు రాత్రి షిఫ్టు పడితే పోర్టు నుంచి నేరుగా వచ్చి, ముఖం కడుక్కుని, టీ తాగి, మమ్మల్ని తీసుకుని బయలుదేరేవారు. మా ఇంటి నుంచి నడిచే దూరమే. రెండు గోనె సంచులు, ఒక ప్లాస్టిక్ వైరు బుట్ట. ఆ బుట్ట అమ్మ అల్లింది, ఆకుపచ్చ పసుపు గళ్ళు. ఆ రోజుల్లో అది అల్లని టీచరమ్మ ఉండేది కాదేమో.

బజారులో ఎవరి హోదా వారిది. అయిదేళ్ళు నిండితే కరివేపాకు, కొత్తిమీర మోసే ఉద్యోగం వచ్చేది. తేలిక సరుకే, కానీ నలిపితే నాన్నకు కోపం. ఎదకు అదుముకోకూడదు, కట్ట తలకిందులుగా పట్టుకోకూడదు. అది రెండేళ్ళు సరిగా చేస్తే టమాటాల బుట్టకు పదోన్నతి. నేను టమాటాలకు వెళ్ళిన రోజున తమ్ముడికి కరివేపాకు వచ్చింది. వాడు ఆ కట్టను ఇంటి దాకా జెండా పట్టుకున్నట్టు నిటారుగా పట్టుకుని నడిచాడు. అక్కది ఇంకా పెద్ద ఉద్యోగం, డబ్బుల సంచి. నాన్న బేరం ఆడేవారు, డబ్బు ఇవ్వడం, చిల్లర సరిచూడడం అక్క పని. చివరికి ఎంత మిగిలిందో ఇంటికి వచ్చి అమ్మకు చెప్పేది కూడా తనే. ఇప్పటికీ మా కుటుంబంలో ఎవరి పెళ్ళి ఖర్చులైనా అక్క దగ్గరే ఉంటాయి.

నాన్న కొనే వరుసలో లెక్క ఉండేది. ముందు బంగాళాదుంపలు, కంద, ఉల్లిపాయలు. తరువాత గుమ్మడి ముక్క, దోసకాయలు. ఆ పైన వంకాయ, బెండ, చిక్కుడు. చివర్లో టమాటాలు, ఆకుకూరలు. దారిలో టమాటాలు ఎంత చవకగా కనిపించినా అడుగు సరుకు పూర్తికాకుండా కొనేవారు కాదు. వాటి కోసం మళ్ళీ మొదటి వరుస దాకా నడిపించేవారు. మా కాళ్ళ నొప్పులు ఆయనకు పట్టేవి కావు.

ఏరడం మాత్రం మాకే వదిలేసేవారు. ఒక్కసారి చూపించి చేతులు వెనక్కు కట్టుకుని నిలబడేవారు. వంకాయ ముచిక పచ్చగా ఉండాలి, పరిమాణానికి తగ్గ బరువు కంటే తేలికగా ఉండాలి. బరువైతే గింజే. ఆనపకాయకు గోరు దిగాలి. కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టి ఆడిస్తే నీళ్ళు పలకాలి. బెండకాయ కొన టప్పున విరగాలి. బెండకాయల దగ్గరే తగువులు వచ్చేవి. ముసలావిడ ఒకామె, మేము అప్పా అనేవాళ్ళం, మమ్మల్ని చూడగానే బుట్ట మీద చెయ్యి అడ్డం పెట్టేది.

"బాబూ, మీ పిల్లలు అన్నిటి ముక్కులూ విరిచేస్తే మిగిలినవాళ్ళకు నేనేమి అమ్ముకోను?"

"విరిచినవన్నీ మావే అప్పా. తూకం వెయ్యి" అనేవారు నాన్న. ముదురు కాయ విరగకుండా వంగిపోతుంది కాబట్టి దాని జోలికి పోనక్కరలేదు. విరిగింది లేతది, అది ఎలాగూ కొనేదే. ఈ న్యాయం ఆవిడకు నచ్చింది. తరువాత తరువాత తనే కొనలు విరిచి మా ముందు కుప్ప పోసేది.

ఒకసారి తమ్ముడు నిగనిగలాడే వంకాయలు ఏరాడు. ఇంటికి వచ్చి మామ్మ కత్తిపీట ముందు కూర్చుంటే సగానికి సగం పుచ్చులు. ఆవిడకు కనబడవు కనుక ఒక్కొక్క చెక్కా వాడి చేతికిచ్చి చూడమంది. పురుగు ఉన్నది పక్కన పెట్టమంది. మిగిలిన కొన్నిటితో గుత్తివంకాయ వండింది. ఒక్కొక్కరికి ఒక్క కాయ వచ్చింది. నాన్న తిన్నారు, అమ్మ తింది, ఒక్కరూ మాట అనలేదు. మళ్ళీ వెళ్ళి మంచివి తెస్తానని కూడా ఎవరూ అనలేదు. మరుసటి ఆదివారం తమ్ముడు ప్రతి కాయనూ తొడిమ నుంచి అడుగు దాకా తిప్పి తిప్పి సూది బెజ్జాలు వెతుకుతుంటే బండివాడికి విసుగొచ్చింది.

* * *

చేపలు ఇంటి ముందుకే వచ్చేవి. జాలరిపేట నుంచి ఆడవాళ్ళు బుట్ట నెత్తిన పెట్టుకుని, కారే నీళ్ళు చీరను తడుపుతుంటే, వీధి మొదట్లోంచే కేక వేసుకుంటూ వచ్చేవారు. బేరం మామ్మది, చూపు నాది. మొప్ప ఎత్తి లోపల ఎర్రగా ఉందా, నల్లబడిందా చెప్పాలి. కన్ను ఉబ్బి మెరుస్తోందా, లోపలికి పోయిందా చెప్పాలి. ఆ తరువాత మామ్మ బొటనవేలుతో చేప పొట్ట మీద నొక్కేది. గుంట పడి అలాగే ఉండిపోతే వద్దనేది. నా మాటకూ ఆవిడ వేలికీ పొత్తు కుదరకపోతే వేలిదే గెలుపు. బుట్ట దించిన మనిషి మాత్రం నా వైపు చూసి కన్ను గీటేది, బాగుందని చెప్పమని. నేను ఎంత కష్టపడి బిగించుకుని కూర్చునేవాణ్ణో.

కొన్నాక పొయ్యిలోంచి బూడిద తేవడం, పిల్లిని కాయడం తమ్ముడి వంతు. కవ్వళ్ళు తెస్తే ముళ్ళు ఎక్కువ కాబట్టి పులుసు, వంజరం ముక్క తెస్తే పండగ. సముద్రం పోటుమీద ఉండే వానాకాలంలో ఎండు చేప, ఎండు రొయ్యలు. ఎండు రొయ్యల తలలూ తోకలూ గిల్లడం మా ముగ్గురి పని. గిల్లుతూ గిల్లుతూ సగం తినేసేవాళ్ళం. మామ్మకు కనబడదని మా నమ్మకం. "నోరు ఆడుతున్న చప్పుడు నాకు వినబడదు అనుకుంటున్నారా?" అనేది.

* * *

నెల సరుకులకు అమ్మతో కురుపాం మార్కెట్టు. పాత ఊళ్ళోకి రిక్షాలో వెళ్ళడం, అదొక ప్రయాణం. ముందురోజు రాత్రి అమ్మ చెప్తుంటే అక్క చీటీ రాసేది. తప్పు రాస్తే అమ్మలోని టీచరు లేచేది. "ధనియాలకు ఒత్తు ధ. దనియాలు అని రాస్తే కొట్టువాడు ఇవ్వడు" అనేది. కొట్టువాడు చీటీ చూడకుండా అక్క చదువుతుంటే విని ఇచ్చేవాడు, ఒత్తు ధ సంగతి ఆయనకు ఏమి తెలుసు.

ఆ కొట్ల వాసన ఇప్పుడు ఎక్కడా దొరకదు. ఇంగువ, ఎండుమిర్చి, కొత్త గోనె, బెల్లం అన్నీ కలిసి. పైకప్పు నుంచి వేలాడే దారపు ఉండ. కాగితం కోన్‌లా చుట్టి, పప్పు పోసి, మూత మడిచి, దారం నాలుగు చుట్లు తిప్పి టక్కున తెంపేవాడు. తెంపిన చోట ముడి ఎప్పుడు వేశాడో తెలిసేది కాదు. ఇంటికి వచ్చాక ఆ దారాలు విప్పి ఉండ చుట్టడం నా పని, పొట్లాల కాగితాలు చదవడం నా ఇష్టం. సగం కథలు, సగం వార్తలు. మిగిలిన సగం ఎవరింటి శనగపప్పుకు వెళ్ళిందో.

బెల్లం అనకాపల్లిదే కావాలి. ఒక చిన్న పలుకు నోట్లో వేసుకుని చూసి, ఉప్పగా తగిలితే వద్దనమని మామ్మ మాకు చెప్పి పంపేది. మరీ తెల్లగా మెరిసేది వద్దు, మందులు కలిపి తెల్లబరుస్తారు. రుచి చూసే పని కోసం మా ముగ్గురికీ పోటీ. చింతపండు, తేనె, కుంకుడుకాయలు గిరిజన కార్పొరేషన్ డిపోలో కొనేవాళ్ళం. ఆ సంస్థ 1956లో పుట్టింది, ప్రధాన కార్యాలయం మన ఊళ్ళోనే. పాడేరు, అరకు వైపు చింతపండు గుజ్జు మందంగా ఉంటుందని మామ్మ పట్టుదల. కొత్త చింతపండు వచ్చిన రోజుల్లో గింజలూ పీచూ తీసి, ఉప్పు కలిపి, జాడీలో దట్టించేవాళ్ళం. గోళ్ళు నల్లబడి బడిలో అందరి చేతులూ ఒకే రంగులో ఉండేవి.

దసరాల్లో వెళ్తే అక్కడి కన్యకా పరమేశ్వరి అమ్మవారిని నోట్లతో, బంగారంతో అలంకరించేవారు. తమ్ముడు అమ్మవారి ముందు నిలబడి దణ్ణం పెట్టడం మరిచిపోయి నోట్లు లెక్కపెట్టేవాడు. ఇప్పుడు వాడు బ్యాంకులో పనిచేస్తున్నాడు, నవ్వకండి.

* * *

ఇక పనసపొట్టు. కాయ సింహాచలం నుంచి వచ్చిందని చెప్తేనే మామ్మ కొనేది. అమ్మేవాళ్ళు ఆ సంగతి తెలిసి ప్రతి కాయనూ సింహాచలందే అనేవారు. చెక్కు తీసి, ముక్కలు కోసి, పెద్ద కత్తితో సన్నగా పొట్టు కొట్టడం నాన్న పని. ఆ కత్తి చప్పుడు వీధిలో నాలుగిళ్ళకు వినిపించేది. అందరి చేతులకూ నూనె రాయడం తమ్ముడి పని, పాలు అంటితే రెండు రోజులు వదలదు. ఉప్పూ పసుపూ వేసి ఉడికించిన పొట్టును గుడ్డలో వేసి పిండడం అక్క పని.

నా పని అన్నిటికంటే కీలకం అని నేను ఇప్పటికీ వాదిస్తాను. చింతపండు పులుసుతో కూర మగ్గి, పోపు పడ్డాక, గిన్నె దింపేవారు. ఆవాలు, ఎండుమిర్చి నీళ్ళు చిలకరించి నూరిన ముద్ద పక్కన సిద్ధంగా ఉండేది. నీళ్ళు తగిలి నలిగితేనే ఆవకు ఘాటు పుడుతుంది. వేడి కూరలో కలిపితే ఆ ఘాటు చచ్చి చేదు మిగులుతుంది. అందుకని గిన్నె చల్లారిందో లేదో చూడాలి. "అరచెయ్యి గిన్నెకు ఆనించి పది అంకెలు లెక్కపెట్టు. పది దాకా చెయ్యి తియ్యకపోతే చల్లారినట్టు" అనేది మామ్మ. నేను ఆరు దగ్గర తీసేసేవాణ్ణి. మళ్ళీ వచ్చి ఎనిమిది. పది అనే దాకా ఇంట్లో ఎవరికీ అన్నం లేదు. నాన్న షిఫ్టుకు టైమవుతున్నా సరే, చొక్కా వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి నా చెయ్యి వైపు చూస్తూ ఉండేవారు. ఏడేళ్ళ పిల్లవాడి లెక్క కోసం పెద్దవాళ్ళు ఆకలితో కాచుకోవడం, ఆ గొప్పతనం నాకు ఆ తరువాత ఏ ఉద్యోగంలోనూ దొరకలేదు.

మాకు ఏటికొప్పాక లక్కపిడతలు కూడా ఉండేవి. అంకుడు కర్రతో చేసి రంగు లక్క పూసిన బుల్లి పొయ్యి, బుల్లి గిన్నెలు, బుల్లి తిరగలి. చాలా అందమైనవి. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బంధువులు తెచ్చి ఇస్తే రెండు రోజులు ఆడి అటక మీద పడేశాం. పక్క గదిలో అసలు పొయ్యి మండుతుంటే, అసలు మామ్మ పిలుస్తుంటే, కర్ర అన్నం ఎవరు వండుతారు?

* * *

నా పిల్లలను బజారుకు తీసుకువెళ్ళే రోజులు వచ్చేసరికి మేము ఎంవీపీ కాలనీకి మారాం. 1999లో రైతుబజార్లు వచ్చాయి. పలక మీద ఆ రోజు ధరలు రాసి ఉండడం నాకు మొదట నచ్చలేదు, బేరం లేకపోతే బజారేమిటని. కానీ మా అమ్మాయికి అక్షరాలు వచ్చిన కొత్తల్లో ఆ పలకే వాచకం అయింది. "బీ-ర-కా-య" అని గట్టిగా చదువుతుంటే ఆనందపురం నుంచి వచ్చిన రైతు ఒకాయన తన దగ్గరివన్నీ చూపించి ఇది చదువు, అది చదువు అనేవారు. చదివినందుకు ఒక్కొక్క కాయ కొసరు.

మా ఆవిడకు ఈ ముచ్చట అంతగా పట్టేది కాదు. "ఒక్కరే వెళ్తే అరగంటలో వస్తారు, వీళ్ళతో వెళ్తే టిఫిను వేళకు కూడా రారు" అనేది. నిజమే. పిల్లలతో బజారంటే సమయం రెండింతలు, వంటింట్లోకి రానిస్తే శుభ్రం చేసే పని మూడింతలు. మామ్మకు అవసరం ఉంది కనుక ఓపిక ఉంది. మాకు మిక్సీ, ఫ్రిజ్జు, అన్నీ ఉన్నాయి, అవసరాన్ని ఎక్కడి నుంచి తెస్తాం? సూపర్‌మార్కెట్లో బండి తొట్టెలో కూర్చోబెట్టి తోసుకుంటూ పోతే పిల్లలు ఏరడానికి అక్కడ ఉండేది చాక్లెట్టు ఒక్కటే. కూరలు ముందే మూటకట్టి, పైన ధర అంటించి ఉంటాయి.

ఆ అవసరం హుద్‌హుద్ తుపాను తెచ్చింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. గాలి తగ్గాక తలుపు తీస్తే వీధిలో చెట్టన్నది నిలబడి లేదు. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు మూగబోయాయి. ఫ్రిజ్జులో ఉన్నది పాడయ్యే లోపు వండెయ్యాలి, ఆ తరువాత దొరికింది తినాలి. మా ఆవిడ పాల ప్యాకెట్ల వరుసలో, నేను నీళ్ళ ట్యాంకరు వరుసలో. ఇంట్లో పన్నెండేళ్ళ అమ్మాయి, తొమ్మిదేళ్ళ అబ్బాయి. గ్యాసు మాత్రం ఉంది.

నేను బిందెలతో వచ్చేసరికి బాల్కనీలో మామ్మ రోలు మీద ఉండాల్సిన తులసి కుండీ నేల మీద ఉంది. రోలు కడిగి ఉంది. అమ్మాయి దోసకాయ ముక్కలు, వేయించిన ఎండుమిర్చి వేసి కచ్చాపచ్చాగా దంచుతోంది. దోసకాయ చేదు ఉందేమో ముందే కొరికి చూశానని చెప్పింది. అబ్బాయి వీధిలో పడిపోయిన కరివేపాకు చెట్టు నుంచి ఒక కొమ్మే ఈడ్చుకొచ్చాడు, హాలంతా ఆకులే. పోపు ఎవరు పెడతారని ఇద్దరూ తగువు పడుతున్నారు. అక్కే పెడుతుందని, పప్పు రంగు చూసి చెప్పేది తమ్ముడని తీర్పు చెప్పాను. కరెంటు లేని వంటిల్లు, సాయంత్రం కావస్తోంది, కొవ్వొత్తి వెలుగులో వాడికి ప్రతి రంగూ ఒకటే. "ఎర్రగానే ఉంది నాన్నా" అంటాడు. ఏ ఎరుపు అని అడిగాను. వాడు నన్ను వింతగా చూశాడు.

దంచుతున్న చప్పుడుకు కింది ఫ్లాటువాళ్ళు పైకి వచ్చారు, గోడ ఏదైనా కూలుతోందేమోనని భయపడి. రోలును చూశారు, పచ్చడిని చూశారు. అన్నం తమ ఇంట్లో ఉందని, నంజుకోవడానికే ఏమీ లేదని, గిన్నె తెచ్చుకుంటామని దిగి వెళ్ళారు. మా అమ్మాయి మరో దోసకాయ చెక్కు తీయమని తమ్ముడి చేతికిచ్చింది.